చీటీ లేని డి విటమిన్

సంపాదకులకు,

అధిక బరువున్నవారిలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి డి విటమిన్ లోపమే కారణమని నమ్మి, మా పేటలో చాలామంది 60,000 యూనిట్ల గుళికలను వైద్యుల చీటీ లేకుండానే కొనుక్కుంటున్నారు. ఈ విటమిన్ కొవ్వులో కరిగేది కనుక, ఒంట్లో కొవ్వు పెరిగినకొద్దీ అందులోనే నిలిచిపోయి రక్తపరీక్షలో తక్కువగా కనిపిస్తుంది. అంటే ఆ లోపం చాలావరకు బరువు తెచ్చిన ఫలితమే కావచ్చు. అమెరికాలో మధుమేహపు అంచున ఉన్న 2,423 మందిపై జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ 4,000 యూనిట్లు వాడినవారికి కూడా మధుమేహ ముప్పు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఆర్.కె. బీచ్‌లో తెల్లవారకముందే ముగిసే నడక (అది మానవలసిన పని లేదు) ఇన్సులిన్‌కు మేలు చేస్తుంది గాని, డి విటమిన్‌ను ఇవ్వదు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున, చీటీ లేని అమ్మకాలపై ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీలు జరపాలి.

— ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం