సంతోషం, ఆనందం ఒకటి కావు

సంపాదకులకు నమస్కారం.

2012లో తొలిసారి వెలువడి, ఇప్పుడు ఏటా మార్చి 20 ప్రాంతంలో వస్తున్న ప్రపంచ సంతోష నివేదికను మన పత్రికలు ఒకసారి ‘సంతోష సూచీ’ అని, మరొకసారి ‘ఆనంద సూచీ’ అని రాస్తున్నాయి. ఈ రెండు మాటలూ ఒకటి కావని మనవి చేయడానికే ఈ లేఖ.

సంతోషంలో ఉన్న ధాతువు ‘తుష్’. తుష్టి, సంతుష్టి కూడా దాని నుంచే వచ్చాయి గనుక, ఉన్నదానితో మనసు కుదుటపడటం దాని అసలు అర్థం. నివేదికకు ఆధారమైన ప్రధాన ప్రశ్న కూడా దాదాపు అదే అడుగుతుంది: 0 నుంచి 10 వరకు మెట్లున్న నిచ్చెనను ఊహించుకుని, మీ జీవితం ఏ మెట్టుపై ఉందో చెప్పమంటుంది. అది తూకం వేసి ఇవ్వవలసిన జవాబు.

ఆనందం అలా లెక్కకు ఆగదు. మంచం పట్టిన మా అమ్మకు సేవ చేసిన రోజుల్లో ఆ ప్రశ్న నన్నెవరైనా అడిగి ఉంటే అట్టడుగు మెట్టునే చూపేదాన్ని. అయినా ఒక ఉదయం ఆమె ఎవరి సాయమూ లేకుండా గ్లాసెత్తి నీళ్లు తాగినప్పుడు నాకు కలిగినదాన్ని ఆనందమనక మరేమనగలను? (ఆ మర్నాడే ఆమె చేయి మళ్లీ పట్టు తప్పింది, కానీ ఆ ఉదయం చెరిగిపోలేదు.)

అందువల్ల ఆ నివేదిక గురించి రాసేటప్పుడు ‘సంతోషం’ అనే మాటనే వాడవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు