తొమ్మిది మిస్డ్ కాల్స్

చైతన్యపురి, హైదరాబాద్,
ఆదివారం.

చిన్నీకి,

మంగళవారం నువ్వు తొమ్మిదిసార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. సాయంత్రం నువ్వు ఏడ్చావు, నేను అరిచాను, మీ అమ్మ ఇద్దర్నీ తిట్టింది. మళ్లీ ఫోన్‌లో మాట్లాడితే అదే జరుగుతుందని రాస్తున్నాను.

తార్నాకలో శర్మ బాబాయ్ వాళ్లింటికి వెళ్లానమ్మా. "క్యాబ్‌లో వెళ్లొచ్చు కదా, డబ్బులు నేను కడతాను" అన్నావు. నీ మనసు నాకు తెలుసు. కానీ క్యాబ్‌లో సుఖమంతా కూర్చున్నాకే. సీటు కిందకి ఉంటుంది. నా కాలికి ఊతంగా తొడుక్కునే క్యాలిపర్‌కి మోకాలి దగ్గర లాక్ తీస్తే గానీ కాలు మడవదు. ముందు వెనక్కి తిరిగి కూర్చుని, లాక్ తీసి, కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకోవాలి. ఈలోపు వెనక బండ్లన్నీ హారన్లు. పైగా డ్రైవర్ రోడ్డుకి అవతలి పక్క ఆపి, "లొకేషన్ దగ్గరికి రండి సార్" అంటాడు. ఆ నాలుగు లైన్ల రోడ్డు దాటగలిగితే ఇక క్యాబ్ ఎందుకు?

బస్సుల సంగతి నీకు తెలిసిందే. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సే. మగాళ్లు వెనక తలుపు నుంచి ఎక్కాలి, నేను మాత్రం ముందు తలుపే. ఆడవాళ్లు గుర్రుగా చూసినా సరే, నా రెండో కాలు పైకొచ్చిందో లేదో డ్రైవర్ కళ్లారా చూస్తాడు కదా. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. మీ అమ్మకి దాంతో కొత్త రెక్కలొచ్చాయి, వారానికోసారి వాళ్ల అక్క ఇంటికి వెళ్లొస్తోంది. నాకూ సంతోషమే. కాకపోతే ఆ రద్దీలో "వికలాంగులకు" అని రాసిన సీటు దాకా చేరడమే పెద్ద ప్రయాణం. ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు. పేరు మారినా మెట్టు ఎత్తు అంతే ఉంది!

మనవైపు మెట్రో 2018 సెప్టెంబర్‌లో వచ్చింది. మొదటిసారి ఎక్కిన రోజు ప్లాట్‌ఫారం, పెట్టె ఒకే ఎత్తులో ఉన్నాయి. మెట్టే లేదు. అరవై ఏళ్ల వయసులో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కమ్మీ పట్టుకుని ఒళ్లు పైకి లాక్కోకుండా బండి ఎక్కాను. ఆ రోజు మీ అమ్మకి కూడా చెప్పలేదు.

తార్నాకకి దగ్గరి దారి వేరే ఉంది. ఎంజీబీఎస్‌లో దిగి గ్రీన్ లైన్ పట్టుకుని, పరేడ్ గ్రౌండ్‌లో బ్లూ లైన్‌కి మారాలి. నేను అటు వెళ్లను. చుట్టూ తిరిగినా అమీర్‌పేట మీదుగానే వెళ్తాను, ఒక్క మార్పుతో సరిపోతుంది. మీరు నిమిషాలు లెక్కేసుకుంటారు, నేను ఎన్నిసార్లు దిగాలో లెక్కేసుకుంటాను. పదకొండు దాటాక బయల్దేరితే ఆఫీసుల జనం ఉండరు. దిగాల్సిన స్టేషన్‌కి ఒకటి ముందే లేచి, లాక్ బిగించుకుని, రాడ్ పట్టుకుంటాను. తలుపు తీశాక లేస్తే అందదు.

లిఫ్ట్ దగ్గర మాత్రం కోపం వస్తుంది. రెండు కాళ్లూ బాగున్న కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటూ నిండిపోతారు. పక్కనే ఎస్కలేటర్ ఖాళీగా తిరుగుతుంటుంది. నేను దాని జోలికి పోను. అది కదులుతుంటే ఏ కాలు ముందు పెట్టాలో ఆలోచించేలోపు మెట్టు వెళ్లిపోతుంది.

ఇంకో చిట్కా కనిపెట్టాను, నవ్వకు. రోడ్డు దాటాలంటే మెట్రో స్టేషనే. ఇటు లిఫ్ట్‌లో పైకెక్కి, లోపల అవతలి పక్కకి నడిచి, అటు లిఫ్ట్‌లో దిగిపోతాను. టికెట్ అక్కర్లేదు. తార్నాకలో శర్మ ఇల్లు అవతలి వైపే కదా.

అసలు కష్టం ఫుట్‌పాత్. మంగళవారం పడబోయింది అక్కడే. అవును, పడబోయాను, మీ అమ్మ చెప్పింది నిజమే. చూపులేనివాళ్ల కోసం వేసిన పసుపు గీతల పలకల మీదే బైకులు వరసగా పెట్టారు. వాటిని తప్పించుకుంటూ రోడ్డు మీదికి దిగాను. వాన పడి ఆగింది, కర్ర కింది రబ్బరు అరిగిపోయి ఉంది. జారింది. ఒక పూలమ్మాయి రెక్క పట్టుకుని ఆపింది. అది ఆ పలకల తప్పూ కాదు, మెట్రో తప్పూ కాదు. అరిగిన రబ్బరు మార్చకుండా నెల్లాళ్లు తిరిగిన నాది.

సరిగ్గా అప్పుడే జేబులో నీ ఫోన్ మోగింది. ఎలా ఎత్తను చెప్పు? కుడి చేతిలో కర్ర, ఎడమ చెయ్యి బైకు సీటు మీద. మోగుతుంటే కంగారు, ఎత్తకపోతే నీకు టెన్షన్ అని ఇంకో కంగారు. అలా ఐదుసార్లు మోగింది. మిగతా నాలుగూ లిఫ్ట్‌లో, రైల్లో.

అందుకని ఒక ఒప్పందం. నేను బయల్దేరేటప్పుడు మెసేజ్ పెడతాను. అమీర్‌పేట ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాక నేనే ఫోన్ చేస్తాను, తార్నాకలో బాబాయ్ ఇంట్లో కాఫీ తాగాక ఇంకోసారి. మధ్యలో నువ్వు చేయకు. క్యాబ్ కూడా బుక్ చేయకు.

దసరాకి వచ్చేటప్పుడు పుణేలో కర్ర రబ్బర్లు దొరికితే రెండు పట్టుకురా. లోపల ఇనప బిళ్ల ఉన్నవి. పాతది ఈ కవర్లోనే పెట్టాను, సైజు కోసం.

నాన్న