వెబ్ గారి మీద ప్రసంగానికి సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

మొన్న ఆదివారం మా ఊరి లైబ్రరీలో ఆల్‌ఫ్రెడ్ వెబ్ గురించి నేను మాట్లాడాను. వచ్చినవాళ్లలో చాలామంది "ఎవరమ్మా ఈయన, పేరు కూడా వినలేదే" అనుకుంటూనే కుర్చీల్లో సర్దుకున్నారు. అయిపోయాక మాత్రం గుమ్మం దాకా వచ్చి మరీ ప్రశ్నలడిగారు. ఇంటికొచ్చాక ఫోన్ నిండా మెచ్చుకోళ్లే. అన్నీ నేను ఒక్కదాన్నే పుచ్చుకోవడం న్యాయం కాదు. ఈ పనిలో చెయ్యి వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయను కానీ, ఎవరు ఏం చేశారో చెప్పకపోతే నాకు మనసొప్పదు.

రాలేకపోయినవాళ్ల కోసం ముందు ఆయన గురించి నాలుగు ముక్కలు. వెబ్ 1834లో డబ్లిన్‌లో పుట్టారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం, ప్రింటింగ్ ప్రెస్ వాళ్ల వ్యాపారం. 1890 నుంచి 1895 దాకా ఐర్లండ్‌లోని వెస్ట్ వాటర్‌ఫర్డ్ ఎంపీ. అప్పటికి ఐర్లండ్‌కి సొంత పార్లమెంటు లేదు, అక్కడి సభ్యులు లండన్ వెళ్లి కూర్చోవాల్సిందే. 1894 డిసెంబర్‌లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ పదో మహాసభకి ఈయనే అధ్యక్షుడు. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలకి ఈ పేరు బిట్‌గా తెలుసు: యూల్, వెడ్డర్‌బర్న్, ఆ తర్వాత వెబ్, భారతీయుడు కాని మూడో అధ్యక్షుడు. బిట్ దగ్గరే ఆగిపోతాం. అసలు ఆయన్ని ఎందుకు పిలిచారన్నది ఏ గైడులోనూ ఉండదు. నాకు కావాల్సింది అదే.

ముందుగా మా లాయర్ బాబాయి గారికి నమస్కారం. పాత బ్రిటిష్ పార్లమెంటు చర్చలన్నీ ఇప్పుడు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దొరకడం వేరు, అర్థం కావడం వేరు. ఆ రోజుల్లో మాటకి మాట రాసేవాళ్లు కాదు, "ఆయన ఇలా అభిప్రాయపడ్డారు" అన్న ధోరణిలో కుదించి అచ్చేసేవాళ్లు. ఉన్నదున్నట్టు రాయడం 1909 నుంచి మొదలైంది. అలాంటి పేజీలు ప్రింట్ తీసుకుని ఆయన దగ్గరికి పట్టుకెళ్తే, ఒక్క మాటన్నారు: "తీర్మానం ఒక్కటే చదివితే లాభం లేదమ్మా, దానికొచ్చిన సవరణ పక్కన పెట్టుకుని చదువు." లాంగ్ నోట్‌బుక్ తీసి, పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టి, ఎడమ పక్క వెబ్ పెట్టిన తీర్మానం సారాంశం, కుడి పక్క ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ తెచ్చిన సవరణ సారాంశం తెలుగులో రాయించారు. నా ప్రసంగమంతా ఆ ఒక్క పేజీలోంచే వచ్చింది.

సంగతేమిటంటే, అప్పట్లో బెంగాల్ వైపు గసగసాల సాగు సర్కారు గుత్తాధిపత్యం కింద ఉండేది. తయారైన నల్లమందు చైనాకి పోయేది, దాని మీద వచ్చే డబ్బు ఖజానాకి చేరేది. ఈ రాబడి నీతికి నిలవదని 1891 ఏప్రిల్‌లోనే బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో ఎక్కువమంది ఓటేశారు. ఓటేసి ఊరుకున్నారు. ఎందుకంటే ఆ రాబడి ఆగిపోతే ఆ లోటు ఎవరు భరించాలన్న ప్రశ్న దగ్గర అందరి నోళ్లూ మూతపడ్డాయి. లండన్‌లో కూర్చుని నీతులు చెప్పేవాళ్లకి అదేం బాధ? పన్ను పడేది మన రైతు మీద కదా.

1893 జూన్ 30న వెబ్ పెట్టిన తీర్మానం సరిగ్గా ఆ ముడి మీదే చెయ్యి వేసింది. నల్లమందు వ్యాపారం మానాలి, కానీ ఆ మార్పు ఖర్చు భారత ప్రజల నెత్తిన రుద్దకూడదు. కొత్త పన్నులు వెయ్యకూడదు, జనం బాగుకి పెట్టే ఖర్చులో కోత పెట్టకూడదు. దానికి బదులు సైన్యం మీదా అధికారుల మీదా పెట్టే ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో చూడటానికి రాయల్ కమిషన్ వెయ్యాలి. అవసరమైతే బ్రిటన్ ఖజానా కొంతకాలం సాయం చెయ్యాలి. బాబాయి గారు "భారత ప్రజల మీద భారం పడకూడదు" అన్న చోట ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసి, "ఈ ముక్క కోసమే మీ వెబ్‌ని పిలిచి ఉంటారు" అన్నారు. అది ఆయన ఊహ అనుకోండి, నాకు మాత్రం నచ్చింది.

ఇక కుడి పక్క సంగతి. గ్లాడ్‌స్టన్ కమిషన్‌కి ఒప్పుకున్నారు, కానీ దాని ముందుంచే ప్రశ్నని మార్చేశారు. ఎలా మానాలో చెప్పమని వెబ్ అడిగితే, అసలు మానాలా వద్దా అని విచారించమన్నారు. సభ సవరణనే ఆమోదించింది. లార్డ్ బ్రాసీ ఆధ్వర్యంలో కమిషన్ మన దేశమంతా తిరిగింది, వందలాది సాక్షుల్ని విచారించింది, 1895లో నిషేధం అక్కర్లేదని తేల్చేసింది. చైనాకి ఎగుమతి క్రమంగా తగ్గించడానికి ఒప్పందం కుదిరే సరికి 1907 వచ్చింది. ఆ మరుసటి ఏడే వెబ్ కన్నుమూశారు. కమిటీలు, కమిషన్లు వేశారని మనం ఈ రోజుకీ సంబరపడుతుంటాం. దాని ముందు ఏ ప్రశ్న పెట్టారో చూసేవాళ్లు తక్కువ. పరిశీలనాంశాలు రాసేవాడి చేతిలోనే సగం తీర్పు ఉంటుందని కోర్టుల్లో తలపండిన బాబాయి గారు నవ్వుతూ అన్నారు కానీ, నాకు నవ్వు రాలేదు.

ఇంకో సంగతి కూడా ఆయన చెబితేనే నాకు తట్టింది. అదే 1893 వేసవిలో గ్లాడ్‌స్టన్ ఐర్లండ్ స్వపరిపాలన బిల్లుని కామన్స్‌లో నడిపిస్తున్నారు. ఐరిష్ సభ్యుల ఆశలన్నీ ఆ ముసలాయన మీదే. సెప్టెంబర్‌లో ప్రభువుల సభ దాన్ని కొట్టేసింది, అది వేరే కథ. తమ బిల్లు సగంలో ఉండగా, దాన్ని నడిపిస్తున్న ప్రధానిని ఇరుకున పెట్టే తీర్మానం పెట్టడమంటే మాటలా? మన రాజకీయాల్లో అయితే "ఇప్పుడెందుకయ్యా ఈ గొడవ" అని పార్టీవాళ్లే కూర్చోబెట్టేవాళ్లు.

డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుక్కి థాంక్స్ చెబితే "అక్కా, ఏంటీ ఫార్మాలిటీస్" అంటాడు, అయినా చెబుతున్నా. వాడికి చరిత్ర అంటే ఆమడ దూరం. నా పోరు పడలేక ఒక శనివారం పియర్స్ స్ట్రీట్‌కి వెళ్లి వీడియో కాల్ చేశాడు. ఒకప్పుడు అది గ్రేట్ బ్రున్స్‌విక్ స్ట్రీట్. వెబ్ వాళ్ల ఇల్లు ఆ వీధిలోనే ఉండేది. ట్రాఫిక్ మోతలో వాడి మాటలు సగమే వినపడ్డాయి. అయితేనేం, అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో డబ్లిన్ వచ్చినప్పుడు దిగింది వెబ్ తండ్రి ఇంట్లోనే. డగ్లస్ ఆత్మకథకి డబ్లిన్ కూర్పు అచ్చయింది ఆ తండ్రి ప్రెస్‌లోనే. అప్పటికి మన వెబ్ పదకొండేళ్ల పిల్లాడు. బానిసత్వ వ్యతిరేక పోరాటంలోనే తను పెరిగానని మద్రాసు సభలో ఆయన చెప్పుకున్నారు. ఆ వీధి వీడియోని ప్రసంగం మధ్యలో తెర మీద చూపిస్తే వెనక వరసవాళ్లు కూడా ముందుకి జరిగారు. తమ్ముడూ, నీ శనివారం వృథా పోలేదురా.

చెన్నైలో ఉంటున్న ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ గారు నాకు ఫోన్లోనే పరిచయం. ఎనభై దాటిన మనిషి. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింటినీ కలిపి చక్కగా మాట్లాడతారు. మద్రాసు మహాసభ గురించి ఆయన ఓపిగ్గా చెప్పకపోతే నా ప్రసంగం లండన్‌లోనే ఆగిపోయేది. ఆ సభకి ఆహ్వాన సంఘం అధ్యక్షుడు పి. రంగయ్య నాయుడు గారు, మద్రాసు మహాజన సభకి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. అంటే వెబ్‌కి స్వాగతం పలికింది మన తెలుగాయనే. నాలుగేళ్ల తర్వాత మళ్లీ మద్రాసులో సభ జరిగితే ఆ ఆహ్వాన బాధ్యత మా రాజమండ్రి న్యాపతి సుబ్బారావు పంతులు గారిది. ఈ మాట చెప్పగానే హాల్లో చప్పట్లు. మనవాళ్ల పేరొస్తే చాలు కదా మనకి!

ఆ డిసెంబర్‌లోనే ప్రభుత్వం మన దేశంలో తయారయ్యే మిల్లు నూలు మీద ఎక్సైజ్ సుంకం వేసింది, ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లుల ఒత్తిడికి తలొగ్గి. సభ దాన్ని ఖండించింది. దక్షిణాఫ్రికాలో నేటాల్‌లోని మనవాళ్ల ఓటు హక్కు తీసెయ్యడాన్నీ అదే సభ తప్పుపట్టింది. గాంధీ గారు అక్కడ నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టిన ఏడాది అది. అధ్యక్ష ప్రసంగంలో వెబ్ అన్నమాట ఒకటి నేను రెండుసార్లు చదివి వినిపించాను. దాని భావం ఇది: దౌర్జన్యం ఎక్కడ జరిగినా నాకు అసహ్యమే, నా ప్రభుత్వమే చేస్తే మరీ అసహ్యం, ఎందుకంటే అందులో నాకూ బాధ్యత ఉంటుంది.

ఇక మా స్కూలు తొమ్మిదో తరగతి పిల్లలు. కుర్చీలు వేసింది, ప్రొజెక్టర్ మోసింది, కరెంటు పోతే పరిగెత్తి జనరేటర్ వేయించింది వాళ్లే. వాళ్లలో ఒక అమ్మాయి లేచి "మేడమ్, ఆయనకి మన ఊళ్లో ఓట్లు లేవు కదా, మన గురించి మాట్లాడితే ఆయనకేంటి లాభం?" అంది. పెద్దవాళ్లెవరూ అడగని ప్రశ్న. లాభం లేదని చెబితే అబద్ధమే అవుతుంది. ఇండియా గురించి అడిగిన ప్రతి ప్రశ్నా లండన్ సర్కారుని ఇబ్బంది పెడుతుంది, అది ఐరిష్ వాళ్లకి పనికొచ్చేదే. వెబ్ కంటే ముందే, అదే జిల్లాలోని డంగార్వన్ ఎంపీ ఎఫ్.హెచ్. ఒడానెల్ ఇండియా సంగతులు సభలో లేవనెత్తుతూ ఉండేవాడు. 1893 లాహోర్ సభలో అధ్యక్షుడు దాదాభాయి నౌరోజీ, ఐరిష్ స్వపరిపాలన సభ్యులంతా మీ వెనక ఉన్నారంటూ ఐరిష్ నాయకుడు మైకేల్ డేవిట్ పంపిన సందేశం చదివారు. కానీ జలియన్‌వాలాబాగ్ నాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ ఓడ్వయర్ కూడా ఐర్లండ్‌వాడే. ఒకే నేల నుంచి ఇద్దరూ వచ్చారు. లాభంతో బాటు మనసు కూడా ఉన్నవాడు కాబట్టే వెబ్ తన బిల్లు మధ్యలో మన పన్నుల సంగతి ఎత్తాడని ఆ అమ్మాయికి చెప్పాను. పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు, "చూడాలి మేడమ్" అంది. ఆ జవాబు నాకు చప్పట్ల కంటే ఎక్కువ నచ్చింది.

టీ, మైసూర్ బజ్జీలు ఏర్పాటు చేసిన వదిన గారికీ, ఆదివారం కూడా తాళం తీసిపెట్టిన లైబ్రరీ అటెండర్ అన్నకీ, ఆఖరి నిమిషంలో బ్యానర్ మీద "వెబ్" స్పెల్లింగ్ సరిచేసి ఇచ్చిన ఫ్లెక్సీ షాపు కుర్రాడికీ నా ధన్యవాదాలు.

బాబాయి గారి నోట్‌బుక్ పేజీ జిరాక్సులు లైబ్రరీ కౌంటర్లో ఉంచాను. కావాల్సినవాళ్లు అడిగి తీసుకోండి. ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పటికే ఒకటి పట్టుకెళ్లింది.