ఊడ్పువారం

స్టుట్‌గార్ట్,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. 63 అక్షరాల జర్మన్ మాట ఒకటి ఫార్వర్డ్ చేసి, "ఇదేం భాషరా, ఊపిరి కూడా తీసుకోనివ్వరా మీవాళ్ళు?" అని పడీపడీ నవ్వావు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నీకు పది కాల్సొస్తాయి. అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు నా పరువు పోయిన కథ. ఈ ఇంట్లోకి వచ్చిన రెండో వారం, ఎవరో మా తలుపు పిడికి చిన్న చెక్క బోర్డు తగిలించి పోయారు. దాని మీద "కేర్‌వొఖె" అని ఉంది. కేర్ అంటే మన హెల్త్ కేర్ లాంటిదేదో అనుకుని, పోనీలే మంచివాళ్ళే అని ముచ్చటపడ్డాను. వారం తిరిగేసరికి ఎదురు ఫ్లాట్ పెద్దావిడ వచ్చి మెట్లు చూపించి, బోర్డు చూపించి, నన్ను చూపించింది. కేర్ అంటే ఊడవడమట, వొఖె అంటే వారం. మెట్లు ఊడ్చే వంతు ఆ వారం నాది. ఊడ్పువారం! మనకి వారమంటే ఏడు రోజులూ అవుతుంది, ఒక్కరోజూ అవుతుంది కదా, అందుకని సోమవారం, మంగళవారం లాగా నా క్యాలెండర్లో ఇదో కొత్త వారం చేరింది.

వీళ్ళ మాటలన్నీ దాదాపు ఇలాగే. రెండు ముక్కలు తెచ్చి అతికించడం, చివర ఉన్నదానికి పెత్తనం ఇవ్వడం. హౌస్ అంటే ఇల్లు, షూ అంటే మన బూటే. హౌస్‌షూ అంటే ఇంట్లో వేసుకునే చెప్పులు, షూహౌస్ అంటే చెప్పుల దుకాణం. మన ఆటబొమ్మ, బొమ్మలాట చూడు, అదే లెక్క. మొదటిది బొమ్మ, రెండోది ఆట. పైగా ఇక్కడ ప్రతి వస్తువుకీ లింగం ఒకటి ఏడుస్తుంది కదా, దాన్నీ చివరిదే తేలుస్తుంది. హౌస్‌షూ పుంలింగం, షూహౌస్ నపుంసకం. రైలు ఎంత పొడుగైనా చివరి పెట్టె ఒక్కటి చూస్తే చాలు.

ముక్కల మధ్య సంబంధం ఏమిటో మాత్రం మాట చెప్పదు, మనమే ఊహించుకోవాలి. హోటల్ మెనూలో మొదటిసారి కిండర్‌ష్నిట్సెల్ అని చదివి గతుక్కుమన్నాను. ష్వైనెష్నిట్సెల్ అంటే పందిమాంసంతో చేసిన ముక్క, మరి కిండర్ అంటే పిల్లలాయె! పిల్లలకి పెట్టే చిన్న ముక్కట. ఆ మాటకొస్తే కొబ్బరినూనె కొబ్బరి నుంచి తీస్తారు, తలనూనె ఎక్కణ్ణుంచి తీస్తారు?

ఇక అతికించే జిగురు. లీబె అంటే ప్రేమ, బ్రీఫ్ అంటే ఉత్తరం, ప్రేమలేఖ మాత్రం లీబెస్‌బ్రీఫ్. మధ్యలో ఆ 'స్' ఎందుకొచ్చింది? లీబె స్త్రీలింగం, షష్ఠీ విభక్తిలో కూడా దానికి ఆ 'స్' రాదు. మా టీచర్ని అడిగితే, చెవికి అలవాటు కావాలంది. మొదట ఒళ్ళుమండింది, తర్వాత మన సంగతి గుర్తొచ్చింది. ఇల్లు, పేరు కలిస్తే ఇంటిపేరు. నెయ్యి, గిన్నె కలిస్తే నేతిగిన్నె. నుయ్యి నూతి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది, చెట్టు మాత్రం చెట్టుకొమ్మలో చెట్టుగానే ఉంటుంది. ఎందుకని ఆవిడ నన్నడిగితే నేనూ అదే చెబుదును.

ఇప్పుడు నీ 63 అక్షరాల దగ్గరికి వద్దాం. రింట్‌ఫ్లైష్-ఎటికెటీరుంగ్స్-యూబర్‌వఖుంగ్స్-ఔఫ్‌గాబెన్-యూబర్‌ట్రాగుంగ్స్-గెజెట్స్. గీతలు నీ కోసం పెట్టాను, వాళ్ళు పెట్టరు. పిచ్చి గొడ్ల రోగం భయంతో గొడ్డుమాంసం లేబుళ్ళ మీద గట్టి నిఘా పెట్టిన రోజుల్లో, 1999లో మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమెర్న్ రాష్ట్రం చేసిన చట్టం పేరది. 2013లో తీసేశారు. దీన్ని ముక్కకి ముక్క తెలుగులో పెట్టు: గొడ్డుమాంసం లేబుళ్ళ తనిఖీ బాధ్యతల బదిలీ చట్టం. వరస ఒక్కచోట కూడా మారలేదు చూశావా? మన గెజిట్లో వస్తే ఎవరూ నవ్వరు. ఫ్రెంచివాళ్ళైతే చట్టంతో మొదలుపెట్టి, ప్రతి మెట్టుకీ ఓ 'ద' తగిలిస్తూ మాంసం దాకా దిగాలి. ఇంగ్లీషువాళ్ళు కూడా జర్మన్ల లాగే పేర్చగలరు, కాకపోతే మధ్యలో ఖాళీలు వదులుతారు. నువ్వు నవ్విందంతా ఆ ఖాళీలు లేనందుకే.

అయినా మనమా నవ్వేది? "రాలేకపోయినవాళ్ళందరికీ" అని పెళ్ళి వీడియో కింద నువ్వే రాశావు. దాన్నే వీళ్ళు "ఆలెన్, డీ నిఖ్ట్ కొమెన్ కొంటెన్" అని అయిదు మాటలు చేస్తారు. పేర్లు అతికించడంలో వాళ్ళు ఘనులు, క్రియ దగ్గరికొస్తే మనం.

వీళ్ళ క్రియలతో నాకు డ్రైవింగ్ క్లాసులో తలవంపులయ్యాయి. ఉమ్‌ఫారెన్ అనే మాటకి 'ఫా' ఒత్తి పలికితే చుట్టూ తిరిగి వెళ్ళడం, 'ఉమ్' ఒత్తి పలికితే గుద్ది పడగొట్టడం. రెండో అర్థంలో ఆ 'ఉమ్' ఊడిపోయి వాక్యం చివరికి పోతుంది కూడా, మన నిద్రపోవడం "నిద్ర కూడా పోలేదు" అని విడిపోయినట్టు. రోడ్డు మీద బోర్డు అడ్డంగా ఉంది, ఏం చేస్తావని మాస్టారు అడిగాడు. "ఇఖ్ ఫారె డాస్ షిల్ట్ ఉమ్" అన్నాను ధీమాగా. గుద్దేస్తానని! ఆయన కాలు బ్రేక్ మీదికి వెళ్ళడం నా కళ్ళతో చూశాను.

అన్నట్టు, మా బాల్కనీకి ఓ బుల్లిపిట్ట వస్తోంది. పేరు రోట్‌కేల్‌షెన్, ఎర్రటి చిన్నిగొంతు అని. దీనికి బంధువు బ్లౌకేల్‌షెన్ ఉందట, అంటే నీలిగొంతుది. సాక్షాత్తూ నీలకంఠుడే! గొంతు పేరు చెప్పి గొంతున్నవాణ్ణి పిలవడం, బళ్ళో మనం బట్టీపట్టిన బహువ్రీహి. జర్మన్ వ్యాకరణాల్లో కూడా దాని పేరు బహువ్రీహే, సంస్కృతం నుంచి అలాగే తీసుకున్నారు. తెలుగు మాస్టారి చేతిలో దాని కోసం తిన్న దెబ్బలకి ఇన్నాళ్ళకి గిట్టుబాటయింది.

ఇంకా రాసేవాణ్ణే కానీ, బోర్డు మళ్ళీ నా తలుపుకే వేలాడుతోంది. పెద్దావిడ ఇప్పటికి రెండుసార్లు తలుపు తీసి మెట్ల వైపు చూసి లోపలికెళ్ళింది. మూడోసారి తీసేలోపు చీపురు పట్టుకోవాలి. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
పక్క బెంచీవాడు