సన్‌స్క్రీన్‌లో దినుసు పేరు చూస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఎండ నుంచి చర్మాన్ని కాపాడుకోవడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. సన్‌స్క్రీన్‌లో ఎండలోని హానికర కిరణాలను అడ్డుకునే అవోబెంజోనో, జింక్ ఆక్సైడో ఉందేమో చూసుకుని కొనుక్కుంటే చాలని రాశారు. ఇలాంటి క్రీములను పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

అరచేతిలో ఇమిడే గరుకు అక్రిలిక్ పలక మీద క్రీమును చిన్న చిన్న చుక్కలుగా పెట్టి, తూకం చూసుకుని, వేలితో సమంగా రుద్దుతాం. చీకట్లో ఆరాక, అతినీలలోహిత కాంతి ఎంత దాటి వస్తోందో యంత్రంతో కొలుస్తాం. ఆ తర్వాత పలకను ఎండను పోలిన దీపం కింద ఉంచి మళ్లీ కొలుస్తాం. అసలు సంగతి ఈ రెండో కొలతలోనే బయటపడుతుంది. అవోబెంజోన్ యూవీఏను, అంటే 320 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కిరణాలను బాగా పీల్చుకుంటుంది. కానీ వెలుతురు తగిలేకొద్దీ తానే విరిగిపోతుంది. సన్‌స్క్రీన్లలో వాడే ఆక్టినాక్సేట్ అనే మరో దినుసుతో కలిపితే ఇంకా త్వరగా పాడవుతుంది, ఆక్టోక్రిలీన్ అనే దినుసు తోడుంటే నిలబడుతుంది. జింక్ ఆక్సైడ్ అలా విరగదు గానీ, క్రీములో ఉండలు కడితే పూత సమంగా పరుచుకోదు.

అందుకే తయారైన క్రీమునే పరీక్షించాలి. ఎండకు చర్మం కందకుండా క్రీము ఎంత కాపాడుతుందో చెప్పే అంకె ఎస్‌పీఎఫ్. దాన్ని తేల్చడానికి కనీసం 10 మంది వాలంటీర్ల వీపు మీద పూసి, ఎంత కాంతికి చర్మం కందిందో మర్నాడు చూస్తారు. అక్కడ పూసేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు. మామూలుగా మనం రాసుకునేది అందులో సగమో, ఇంకా తక్కువో. అలాంటప్పుడు డబ్బా మీద 50 అని ఉన్నా అంత రక్షణ దక్కదు. పైగా చర్మం కందడానికి ఎక్కువగా కారణం యూవీబీ, అంటే యూవీఏ కన్నా పొట్టి తరంగాల అతినీలలోహిత కిరణాలు. లోతుకు దిగే యూవీఏ సంగతి ఆ అంకె సరిగా చెప్పదు, దానికి బ్రాడ్ స్పెక్ట్రమ్ (రెండు రకాల కిరణాలనూ అడ్డుకునేది) అని ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

లూపస్ లాంటి జబ్బుతో, ఎండ తగిలితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవాళ్లూ మీ పేజీ చదువుతారు. దినుసు పేరు చూసి పలచగా రాసుకుని ధైర్యంగా బయటికి వెళ్తారేమోనని నా టెన్షన్. దయచేసి వచ్చే వ్యాసంలో ఎంత మందంగా రాసుకోవాలో, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలనీ స్పష్టంగా వేయండి.

— సౌందర్య సాధనాల పరీక్షా కేంద్రం ఉద్యోగిని