కౌన్సెలర్లకూ నిరంతర శిక్షణ తప్పనిసరి చేయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలని, బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇప్పించాలని వాటిలో ఉంది. అంటే హాస్టల్ వార్డెన్ ఏటా శిక్షణకు కూర్చోక తప్పదు. ఆయన కుంగిపోయిన పిల్లను వెంటబెట్టుకుని ఎవరి గదికి తీసుకువెళతాడో ఆ కౌన్సెలర్ మాత్రం పట్టా పుచ్చుకున్ననాటి చదువుతోనే ఉద్యోగ విరమణ దాకా నెట్టుకురావచ్చు. ఇది సరిదిద్దాల్సిన లోపం.

భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో ఉన్న క్లినికల్ సైకాలజిస్టులు తమ రిజిస్ట్రేషన్‌ను కొనసాగించుకోవాలంటే నిరంతర విద్య కింద పాయింట్లు సంపాదించాలి. వైద్యులకైతే అయిదేళ్లలో 30 గంటలు ఉండాలని 2002 నాటి వైద్య నియమావళే చెప్పింది. మన జూనియర్ కాలేజీల్లో, కోచింగ్ కేంద్రాల్లో పనిచేసే వారిలో ఎక్కువమంది ఎంఏ, ఎమ్మెస్సీ సైకాలజీ చదివినవారు. వారు ఆర్‌సీఐ పరిధిలోకి రారు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఇలాంటి సైకాలజిస్టులను కూడా లెక్కలోకి తీసుకున్నా, దాని ప్రభావం కాలేజీ గుమ్మం దాకా రాలేదు.

చదువు పాతబడితే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. చనిపోవాలనిపిస్తోందన్న విద్యార్థి చేత 'నేను అలాంటి పని చేయను' అని కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోవడం ఒకప్పుడు మంచి పద్ధతిగానే చలామణి అయింది. అది ప్రాణాలు కాపాడుతుందనడానికి ఆధారాలు లేవని తర్వాత తేలింది. ఇప్పుడు విద్యార్థితో కలిసి కూర్చుని, తనకు ప్రమాద సంకేతాలేవో, ఆ క్షణంలో ఎవరికి ఫోన్ చేయాలో, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416తో సహా, తన మాటల్లోనే రాయించి, అపాయకరమైన వస్తువులను అందకుండా చేసే భద్రతా ప్రణాళికను అనుసరిస్తున్నారు. చట్టమూ మారింది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా పరిగణించి సంరక్షణ అందించమంటోంది. ఇది తెలియని కౌన్సెలర్ 'పోలీసు కేసవుతుంది' అని బెదిరిస్తే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు.

అయితే శిక్షణ పేరుతో తంతు నడిపిస్తే ఒరిగేదేమీ లేదు. కెమెరా ఆపేసి ఫోన్ పక్కన పెట్టినా సాయంత్రానికి సర్టిఫికెట్ మెయిల్‌లో వచ్చేసే వెబినార్లు ఎన్ని విన్నా మనిషి మారడు. నా దృష్టిలో శిక్షణ గంటల్లో కనీసం సగమైనా, విద్యార్థుల పేర్లు బయటపెట్టకుండా, తమ దగ్గరకు వచ్చిన కేసులను అనుభవజ్ఞుల ముందుంచి చర్చించడానికి కేటాయించాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల సైకాలజీ శాఖలు జిల్లాలవారీగా ఈ బాధ్యత తీసుకోగలవు. పాఠాలు, ఉదాహరణలు తెలుగులో ఉండాలి; పిల్లలు తమ బాధ చెప్పుకునేది తెలుగులోనే కదా.

కోచింగ్ కేంద్రాల కోసం రాష్ట్రాలు నిబంధనలు రూపొందించాలని కూడా ఆ తీర్పు ఆదేశించింది. రెండు తెలుగు రాష్ట్రాలూ వాటిలో కౌన్సెలర్ల నిరంతర శిక్షణను చేర్చాలి. ఆ గంటలను పనివేళలుగా లెక్కించి ఖర్చు యాజమాన్యమే భరించాలని కూడా స్పష్టంగా రాయాలి. చాలీచాలని జీతంతో పనిచేసే కౌన్సెలర్ సెలవు పెట్టుకుని, సొంత డబ్బు కట్టి నేర్చుకోవాలనడం న్యాయం కాదు.

ఇట్లు,
సైకాలజీ విశ్రాంత అధ్యాపకురాలు,
విశాఖపట్నం