స్పెషల్స్ వదిలేస్తానంటావేంట్రా బావా!

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలో గుయ్యిమంటోంది. "ఆ బ్రిటిష్ టీవీ సీరీస్ డాక్టర్ హూ సీజన్లన్నీ చూస్తా గానీ, పండగలకి విడిగా వేసే ఆ క్రిస్మస్ స్పెషల్స్ వదిలేస్తున్నా, అవన్నీ టైమ్ పాస్ బాపతు" అన్నావు చూడు. ఫోన్లో నీతో వాదించి నెగ్గడం నా వల్ల కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. మధ్యలో అడ్డం పడలేవు కదా!

ముందసలు వాటిని వదిలేస్తే నీకు కథే తెగిపోతుందిరా. డాక్టర్ అనే ఆ కాలయాత్రికుడు చావబోయినప్పుడల్లా కొత్త మొహంతో పుడతాడు, అంటే నటుడు మారతాడు కదా. 2005లో సీరీస్ మళ్లీ మొదలయ్యాక డేవిడ్ టెనంట్‌కి మొదటి పూర్తి కథ ఆ ఏడాది డిసెంబర్ 25న వచ్చిన 'ది క్రిస్మస్ ఇన్వేజన్'. అతని డాక్టర్ పాత్ర ముగిసిందీ స్పెషల్‌లోనే, 2010 జనవరి 1న. మాట్ స్మిత్‌ని 2013 క్రిస్మస్‌కి సాగనంపారు, పీటర్ కపాల్డీని 2017 క్రిస్మస్‌కి. హీరో రాకా పోకా రెండూ వదిలేసి మధ్యలో ఏం చూస్తావు?

నువ్వు టైమ్ పాస్ అన్నదాంట్లో కొంచెం నిజం లేకపోలేదు. అక్కడ క్రిస్మస్ సాయంత్రం అంటే మనకి సంక్రాంతి మధ్యాహ్నం లాంటిది. ఇంటిల్లిపాదీ సుష్టుగా తినేసి కదల్లేక టీవీ ముందు కూలబడతారు. సీరీస్ మొహం ఎప్పుడూ చూడని మేనత్త కూడా ఆ సోఫాలోనే ఉంటుంది. ఆవిడకీ అర్థం కావాలి, పిల్లలకీ నచ్చాలి, మనలాంటి పిచ్చోళ్లకీ ఏదో ఒకటి ఉండాలి. పండక్కి వచ్చే సినిమాకి ఉండే ఇబ్బందులన్నీ దానికీ ఉన్నాయి. కాబట్టి కొన్ని తేలిపోయాయి. 2007లో వచ్చిన 'వాయేజ్ ఆఫ్ ది డామ్డ్' చూడు. అంతరిక్షంలో టైటానిక్ ఓడ, పైగా కైలీ మినోగ్. కోటీ 33 లక్షల మంది చూశారట. నాకు మాత్రం పెళ్లి భోజనంలో పదకొండో ఐటమ్ తిన్నట్టుంది. ఎవరు పోతున్నా మనసుకి ఏమీ అనిపించదు.

కానీ 'క్రిస్మస్ ఇన్వేజన్'లో ఎంత తెగింపు ఉందో చూడరా. కొత్త హీరో వచ్చాడు, జనానికి పాత హీరో మీదే బెంగ. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? మొదటి సీన్ నుంచీ వాడి చేత ఫైట్లు చేయిస్తారు. రాసిన రస్సెల్ టి. డేవిస్ మాత్రం గంట కథలో చాలాసేపు వాణ్ణి పైజామాలో మంచం మీద పడుకోబెట్టేశాడు! ఆకాశంలో అంత పెద్ద గ్రహాంతర ఓడ వచ్చి నిలబడితే హీరో నిద్రపోతున్నాడు. చివరికి లేపిందేంటి? చాయ్. టార్డిస్‌లో, అదే వాడి కాలయాత్రల ఓడలో, ఫ్లాస్కు ఒరిగిపోయి, టీ కారి, ఆవిరి ముక్కుకి తగిలితే లేచాడు. ఆ పైజామాతోనే కత్తియుద్ధం కూడా చేశాడు. నాకు పొద్దున్నే టీ పడకపోతే నేనూ మనిషిని కాను కాబట్టి ఆ క్షణమే వాడికి సరెండర్ అయిపోయా.

2009లో సీజన్ లేదు, స్పెషల్సే వేశారు. ఈస్టర్‌కి వచ్చిన 'ప్లానెట్ ఆఫ్ ది డెడ్' కథ మామూలే గానీ, దాని వెనక కథ బాగుంటుంది. ఎడారి సీన్ల కోసం లండన్ డబుల్ డెక్కర్ బస్సుని ఓడ మీద దుబాయ్ పంపితే, అక్కడ రేవులో దాని మీద కంటైనర్ పడి నుజ్జయింది. ఏం చేస్తారు? బస్సు అలా నలిగిపోవడానికి కథలోనే ఒక కారణం రాసుకున్నారు. మన ప్రొడక్షన్ మేనేజర్లు వింటే భలే సంబరపడతారు.

అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది 'ది వాటర్స్ ఆఫ్ మార్స్'. ఇది మాత్రం లైట్లార్పి చూడు. 2059లో మార్స్ మీద మనుషుల మొదటి స్థావరం. అక్కడున్న వాళ్లంతా ఆ రోజు చనిపోవాలి, అది మార్చకూడని చరిత్ర, డాక్టర్‌కి ఆ సంగతి తెలుసు. దయ్యాలేం లేవు. భయపెట్టేది నీళ్లు. మామూలు నీళ్లు, మనుషుల నోట్లోంచి అలా కారుతూనే ఉంటాయి. ఆ తర్వాత వారం రోజులు మా వంటింట్లో కుళాయి చుక్కలు పడుతుంటే వెళ్లి కట్టేసి వచ్చేవాణ్ణి.

డాక్టర్ వెళ్లిపోతుంటాడు, హెల్మెట్‌లో వాళ్ల అరుపులు వినబడుతుంటాయి. ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు. మనం ఈల వేయాల్సిన చోటు అది. కానీ కాపాడి, ముగ్గుర్ని భూమ్మీదకి తెచ్చాక, వాడి మొహంలో గర్వం చూస్తే మనకే భయమేస్తుంది. కాలం నా చెప్పుచేతల్లో ఉంటుందన్న పొగరు. కెప్టెన్ అడిలేడ్ ఆ మొహం చూసింది. ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. బయట మంచు పడుతోంది, లోపల ఒక్క తుపాకీ మెరుపు. అంతే. లిండ్సే డంకన్ ఆ నాలుగు అడుగులు నడిచిన తీరుకే దండం పెట్టాలి. దానికి హ్యూగో అవార్డు వచ్చింది. ఇది టైమ్ పాసా?

ఇక 'ది ఎండ్ ఆఫ్ టైమ్' సంగతి. తిడతాను, మెచ్చుకుంటాను కూడా. రెండు భాగాలు. మాస్టర్ అనే విలన్ భూమ్మీదున్న జనాన్నంతా తనలాగే మార్చేస్తాడు, డాక్టర్ పుట్టిన గాలిఫ్రే గ్రహం వచ్చి మన నెత్తిమీద వేలాడుతుంది. ఒకటే గోల. నేను చూస్తుంటే అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. గ్రహం గుద్దుకోబోతున్నా తల ఎత్తలేదు. తర్వాత అంతా సద్దుమణుగుతుంది. డాక్టర్ కింద పడి ఉంటాడు, బతికిపోయానని నమ్మలేకపోతుంటాడు. నాలుగుసార్లు తలుపు కొట్టినప్పుడు నీ చావు అని అంతకుముందే ఒకావిడ జోస్యం చెప్పింది. మాస్టర్ బుర్రలో ఎప్పుడూ నాలుగు దరువులు మోగుతుంటాయి కాబట్టి అందరం వాడే చంపుతాడనుకున్నాం. అప్పుడు వినబడుతుంది, మెల్లగా, టక్ టక్ టక్ టక్. గాజు గదిలో ఇరుక్కుపోయిన విల్ఫ్ తాత, డాక్టర్‌కి బాగా కావాల్సిన ముసలాయన. ఇంకెవణ్ణో బయటికి పంపడానికి లోపలికి వెళ్లి తను చిక్కుకుపోయాడు. ఆయన్ని వదలాలంటే పక్క గదిలోకి డాక్టర్ వెళ్లాలి, వెళ్తే రేడియేషన్.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఆ ముసలాయన్ని అందులో వదిలేసి పోడు కదా?" అంది. డాక్టర్ అరుస్తాడు, బల్ల మీదవి తోసేస్తాడు, నేనింకా ఎంతో చేయగలిగేవాణ్ణి అని ఉక్రోషపడతాడు. తర్వాత వెళ్లి తలుపు తీస్తాడు. "తిట్టుకుంటూనే వెళ్లాడు, పాపం" అంది అమ్మ. ఆవిడకి టార్డిస్ అంటే ఏంటో తెలీదు, ఇంగ్లీషు రాదు. గ్రహాలు ఢీకొంటే పట్టించుకోని మనిషి గాజు మీద నాలుగు దెబ్బలకి తలెత్తింది. నేను స్పెషల్స్ గురించి చెప్పేది ఇదేరా. ఆకాశం బద్దలవడం దండగ, ఒక గదీ ఇద్దరు మనుషులూ ఉంటే పండుతుంది. దాని తర్వాత టెనంట్ అందరి ఇళ్లకీ వెళ్లి చూసి రావడం మాత్రం మరీ సాగదీశారు. వెళ్లొస్తాం అని చెప్పి గేటు దగ్గర అరగంట నిలబడే చుట్టాల్లాగా!

'ఎ క్రిస్మస్ కారోల్' నీకు నచ్చుతుంది, నాకూ ఇష్టమే. మైకేల్ గాంబన్, మంచులో నిద్రపుచ్చిన అమ్మాయి, ఆమెకి మిగిలింది ఎనిమిది రోజులే. ఏటా ఒక్క రోజు లేపుతారు. కానీ ఒక సందేహం నన్ను పీకుతోంది. మార్స్ మీద ముగ్గుర్ని కాపాడితే అంత పాపమైందే, ఏడాది తిరిగేసరికి అదే డాక్టర్ ఒక ముసలాయన చిన్నతనంలోకి దూరి, ఆయన్నడక్కుండా జ్ఞాపకాలన్నీ మార్చేస్తే పండగ సరదా ఎలా అయింది? రాసినవాడు మారాడు, డేవిస్ తప్పుకుని స్టీవెన్ మొఫాట్ వచ్చాడు, అది సరే. నువ్వు లా చదివావు కదా, తేల్చి చెప్పు.

2013 నవంబర్ 23న యాభై ఏళ్ల పండగకి 'ది డే ఆఫ్ ది డాక్టర్' వేశారు, 94 దేశాల్లో ఒకేసారి. అందులో నాకు నచ్చింది యుద్ధం కాదు, జైలు గది. ముగ్గురు డాక్టర్లు తలుపు తెరవడానికి నాలుగు వందల ఏళ్ల లెక్క వేస్తారు. ఇంతలో డాక్టర్‌తో తిరిగే అమ్మాయి క్లారా బయట్నుంచి తోసుకుని వచ్చేస్తుంది. అసలు తాళమే వేయలేదు! అన్నట్టు 1983లో ఇరవయ్యేళ్ల పండగకి 'ది ఫైవ్ డాక్టర్స్' తీస్తే పాత డాక్టర్ టామ్ బేకర్ రానన్నాడు. ఫొటోల్లో ఆయన బదులు మైనపు బొమ్మని నిలబెట్టారు. ఆ బేకరే ముప్ఫై ఏళ్ల తర్వాత ఇందులో ఆఖర్న మెల్లగా నడిచొస్తే కళ్లు చెమర్చాయిరా.

2024ది, 'జాయ్ టు ది వరల్డ్', పెట్టె గోలంతా నాకు ఎక్కలేదు. మధ్యలో డాక్టర్ ఏడాదిపాటు ఒక చిన్న హోటల్లో పనికి కుదిరి, అక్కడి అనితాతో కుర్చీల్లో కూర్చుని కబుర్లు చెప్పుకునే ముక్క ఉంది. అది పది సార్లు చూశా.

విల్ఫ్ తాతగా వేసిన బెర్నార్డ్ క్రిబిన్స్ 2022లో పోయారు. పోయేముందు అరవయ్యేళ్ల స్పెషల్ కోసం ఒక్క సీన్ చేశారు, 'వైల్డ్ బ్లూ యాండర్' చివర్లో వస్తుంది. వీల్ చెయిర్‌లో కూర్చుని డాక్టర్ కోసం ఎదురుచూస్తుంటారు. అమ్మ అప్పుడప్పుడూ "ఆ ముసలాయన మళ్లీ వచ్చాడా?" అని అడుగుతుంది. ఆ సీన్ ఇంకా చూపించలేదు. నువ్వు పండక్కి వస్తావు కదా, అప్పుడు పెడదాం. ఆయన లేడని మాత్రం అమ్మ దగ్గర అనకు.

నీ
బావ